ఆ సీటు

మధ్యాహ్నం గంట కొట్టగానే మిషన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. మరదలు గిన్నె పట్టుకుని రేకుల గోడ పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళేసరికి, రోజూ తను కూర్చునే చోట జేబులక్క చేతిసంచి కూర్చుని ఉంది. సంచి కాస్త జరపమని అడగడానికి నోరు తెరిచింది గానీ, అటునుంచి ఒక్క మొహమూ పైకి లేవలేదు. అందరూ ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకుంటున్నారు, అడుగున ఏదో తమాషా జరుగుతున్నట్టు. ఆమె వెనక్కి వచ్చి తన మిషను ముందే కూర్చుంది. కుట్టిన బట్ట మీద మెతుకు పడకుండా గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింది.

ఆమె వదిన, అంటే భర్త అక్క, ఆ బల్ల దగ్గరే అందరి మధ్యా కూర్చుని తింటోంది. పొద్దున ఒకే పొయ్యి మీద వండి, ఒకే గరిటెతో రెండు గిన్నెల్లో సర్దిన కూర అది. ఇంట్లో ఒక్క కూర తినేవాళ్ళు ఇక్కడ రెండు బల్లల మనుషులైపోయారు.

చంటిపిల్లల చొక్కాలు కుట్టే షెడ్డది. ఆ వరసలో మనుషులకి పేర్లతో పనిలేదు, ఎవరు ఏ ముక్క కుడితే అదే పేరు. ముందు సీటులో జేబులక్క. ఆవిడ జేబు కుట్టి వెనక్కిస్తే మరదలు కాలరు వేస్తుంది, ఆమె వెనక్కిస్తే వదిన చేతులు అతుకుతుంది. అలా వెనక్కి వెనక్కి పోయి చివర దారాలు కత్తిరించే బల్ల మీద చొక్కా చొక్కా అవుతుంది. మొన్నమొన్నటిదాకా మరదల్ని కూడా 'కాలరూ' అని నోరారా పిలిచేవాళ్ళు. ఇప్పుడు 'ఆ సీటు' అంటున్నారు. కత్తెర ఆ సీటు దగ్గరుంది, ఆ సీటు ఇంకా కట్ట ఇవ్వలేదు. మనిషి ఎటో పోయి కుర్చీ ఒక్కటే మిగిలినట్టు.

జరిగిందేమిటంటే, ఎక్కడో ఎవరో తల్లి బిడ్డకి కొత్త చొక్కా తొడిగింది. బిడ్డ ఏడుపు ఆపలేదు. విప్పి చూస్తే కాలరు మడతలో విరిగిన సూది కొన. ఆ చొక్కా చేతులు మారి మారి చివరికి పుట్టింటికే, ఈ షెడ్డుకే వచ్చింది. మేస్త్రీ దాన్ని వరస మధ్యలో నిలబడి రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. మెడ దగ్గర చిన్న మరక ఉంది. ఎవరి నిర్వాకమో మీలో మీరే తేల్చుకోండి, తేలకపోతే వరస మొత్తం ఇంటికే అన్నాడు. తెలివైనవాడు. తను వేలెత్తి చూపిస్తే ఆ మాట తనకే చుట్టుకుంటుంది. వాళ్ళచేతే చూపిస్తే ఆయన మేస్త్రీగానే ఉంటాడు.

సూది సంగతిలో షెడ్డుకి గట్టి నియమం ఉంది. ఎవరి సూది విరిగినా వెంటనే 'ఆగండి' అని కేకెయ్యాలి. వరసంతా పెడలు మీద నుంచి కాళ్ళు తీసెయ్యాలి. అయస్కాంతం పెట్టి వెతికి ముక్కలన్నీ ఏరి, వలతలుపు వెనక కూర్చునే సూదులమ్మకి అప్పగించాలి. ఆవిడ వాటిని అట్ట మీద పేర్చి, నిండు సూది అయిందని చూసి, టేపు వేసి అంటించి, పక్కన సీటు గుర్తు రాసి, అప్పుడు కొత్త సూది చేతిలో పెడుతుంది. ఒక్క తునక తక్కువైనా వరస కదలదు. ఆగినంతసేపూ వెనకబడ్డ పనంతా సాయంత్రం అందరూ కూర్చుని పూర్తి చెయ్యాల్సిందే. అందుకని 'ఆగండి' అన్న మనిషిని ఎవరూ ముద్దు పెట్టుకోరు.

మేస్త్రీ తేల్చుకోమన్న రోజున నీళ్ళ కుళాయి దగ్గర పంచాయితీ జరిగింది. జేబులక్క వెళ్ళి అట్ట చూసొచ్చింది. అట్ట మీదున్న సూదులన్నీ ఒక్క సీటువే. ఆ మాట అనీ అనకముందే మరదలు, నా ముక్కలన్నీ నిండుగా ఇచ్చాను కదా, కావాలంటే సూదులమ్మనడగండి అంది. ఎవరూ అడక్కుండానే చెప్పడమే ఆమె కొంప ముంచింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటోంది చూడమని ఎవరో అన్నారు, మిగతావాళ్ళు తలలూపారు. పంచాయితీ అక్కడితో ముగిసింది. అందరి మొహాల్లోనూ ఒక్కసారిగా రక్తం వచ్చింది. ఆ సాయంత్రం వరసలో వినిపించినన్ని నవ్వులు అంతకుముందు ఎప్పుడూ వినిపించలేదు. ఒక మనిషిని పక్కన పెడితే మిగతావాళ్ళు ఎంత దగ్గరైపోతారో అప్పుడే చూడాలి.

మేస్త్రీ తీర్పు చెప్పాడు. ఆ సీటులో ఇంకొక్క సూది విరిగితే ఆ మనిషే కాదు, పూచీపడి తెచ్చిన మనిషి కూడా పోవాలి. తెచ్చింది వదిన. వాళ్ళిద్దరి కుటుంబాలూ ఉండే రెండు గదులు షెడ్డు వెనక వరసలోవి, షెడ్డులో పనిచేసేవాళ్ళకే ఇస్తారు. పని పోయిన సాయంత్రమే గది కూడా పోతుంది. పిల్లలు ముగ్గురూ, దూరాలకి లారీ తోలే మగవాళ్ళిద్దరూ, పొయ్యీ, పరుపులూ, అన్నీ ఒక సూది కొన మీద నిలబడ్డాయి.

ఆ తర్వాత మరదలికి కాలు స్వాధీనంలో లేకుండా పోయింది. పెడలు నొక్కితే మిషను ఒక్కసారి దూకుతుంది, వదిలితే కుట్టు మధ్యలో ఆగుతుంది. కాలరు మూల దగ్గర బట్ట నాలుగు మడతలు, లోపల గట్టి గుడ్డ. అక్కడికి రాగానే ఆమె పెడలు వదిలేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దించేది. కుట్టిన ప్రతి కాలర్నీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి గాని వెనక్కిచ్చేది కాదు. దాంతో ముందు కట్టలు పేరుకునేవి, వెనక వదిన ఖాళీ చేతులతో కూర్చునేది. చూశారా, సూదులే కాదు, ఇప్పుడు పని కూడా చెడగొడుతోందని ముందు సీటు నుంచి ఒక మాట వినపడింది. అది నిజమే. దొంగ అని పేరు పెట్టినవాళ్ళకి రుజువు వెతుక్కునే శ్రమ ఉండదు, పేరు పడ్డ మనిషే రోజుకొకటి తెచ్చిస్తుంది.

సాయంత్రం గదిలో వదిన బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే మాట్లాడింది. షెడ్డులో నేను నీతో మాట్లాడలేను, ఏమనుకోకు, అక్కడ నేనూ బతకాలి కదా అంది. మరదలు ఏమీ అనుకోలేదంది. అనుకోకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ గదుల్లో గట్టిగా ఏడిస్తే నాలుగు గదుల అవతలికి వినిపిస్తుంది, ఆ ఏడుపు కూడా రుజువుల్లో కలుస్తుంది.

"పోనీ సూదే విరక్కుండా కుట్టవే తల్లీ" అంది వదిన చివరికి. ఇనపముక్కని విరక్కుండా ఉండమని బతిమాలినట్టుంది ఆ గొంతు.

మర్నాడు పనిలోకి పోయే ముందు మరదలు బజారు చివర దారాలూ బొత్తాలూ అమ్మే కొట్టుకి వెళ్ళింది. మిషను సూది కావాలంది. ఏ నంబరో చెప్పేలోపే కొట్టతను సొరుగు లాగి సరిగ్గా ఆ నంబరువే తీసి, షెడ్డువాళ్ళే కదా అన్నాడు. ఉన్న భయంలో ఆమె ఆ మాట పట్టించుకోలేదు. గుమ్మం దిగుతూ సూదిని ఏప్రాన్ అంచు మడతలో గుచ్చుకుంది. బయటి సూది షెడ్డులోకి తేవడమంటే అక్కడ దొంగతనం కిందే లెక్క. ఇన్నాళ్ళూ చెయ్యని తప్పుకి తల వంచిన మనిషి, ఆ పూట మొదటిసారి నిజంగానే తప్పు చేసింది. చిత్రమేమిటంటే ఆ రోజు కాలు వణకలేదు.

సూది ఆ రోజు విరగలేదు. తర్వాతి రోజు పొద్దెక్కాక విరిగింది.

టక్కుమన్న శబ్దం పక్క మిషన్ల హోరులో కలిసిపోయింది. మరదలి నోటిదాకా 'ఆగండి' వచ్చింది. అలవాటైన మాట, నాలుక దానంతటదే కదిలింది. వెనక వదిన మిషను మోగుతోంది. ఆమె పళ్ళు బిగించి ఆ మాటని లోపలికి మింగేసింది. సూది పిడి ఇంకా మిషనుకే ఉంది, మర వదులు చేసి లాగింది. మధ్యముక్క పలక మీద దొరికింది. కొన లేదు. ఒళ్ళు దులుపుకుంది, పాదాల చుట్టూ చూసింది, చేతిలో ఉన్న కాలర్ని నలిపింది. లేదు. అంతకుముందే కుట్టిన నాలుగైదు చొక్కాలు బల్ల మీంచి జారి వదిన బుట్టలో పడిపోయాయి. రెండు ముక్కల్నీ ఏప్రాన్ అంచులో దాచి, అందులోంచి బజారు సూది తీసి బిగించింది. మర తిప్పుతుండగా ఎవరో చూస్తున్నట్టనిపించి తల ఎత్తింది. కొత్త కట్ట ఇవ్వడానికి వెనక్కి తిరిగిన జేబులక్క, కట్ట చేతిలోనే పట్టుకుని, ఆమె వేళ్ళకేసి చూస్తోంది.

జేబులక్క కట్ట పెట్టి ముందుకి తిరిగిపోయింది. గంట కొట్టేదాకా మరదలు ఎలా కుట్టిందో ఆమెకే తెలియదు. అయిపోయింది అనుకుంది. పరుపులు ఎలా చుట్టాలి, పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలి అని కూడా ఆలోచించేసింది.

గంట కొట్టాక జేబులక్క బల్ల మీద నుంచి సంచి తీసేసింది.

"ఇలా వచ్చి కూర్చో. ఒక్కదానివే ఎన్నాళ్ళు తింటావు?"

మరదలు నిలబడే ఉంది. జేబులక్కే లేచి వచ్చి రెక్క పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఎవరో తమ గిన్నెలోని కూర ఆమె గిన్నెలో వేశారు. ఎవరో నీళ్ళ సీసా జరిపారు. 'తిను కాలరూ' అన్నారు. మొదటి ముద్ద దిగుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గే గానీ, అది సంతోషంతో వచ్చిన ఏడుపు.

అప్పుడు జేబులక్క తన ఏప్రాన్ అంచు వేలితో తిప్పి చూపించింది. మడతలో రెండు సూదులు మెరుస్తున్నాయి. పక్కామె నవ్వి తనదీ చూపించింది. బొత్తాలు కుట్టే ఆమె అయితే రెండు సైజులు పెట్టుకుంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. మరదలికి అప్పుడు కొట్టతను అన్న మాట అర్థమైంది.

"మరి మీ సూదులు..." అంది.

"మావేమైనా వజ్రాలా విరక్కుండా ఉండటానికి? విరిగితే మార్చుకుంటాం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని, నువ్వొక్కదానివే ఆగండి ఆగండి అని అరిచేదానివి. అట్ట మీద నీవి తప్ప ఇంకెవరివుంటాయి?"

"అయితే ఆ చొక్కాలో దొరికింది ఎవరిది?"

"ఎవరిదైనా కావచ్చు." జేబులక్క గొంతులో కోపమేమీ లేదు, చిన్నపిల్లకి లెక్క చెప్తున్నంత ఓపికగా చెప్పింది. ఎవరిదో తేలితే ఆ మనిషి పిల్లలతో సహా రోడ్డున పడేది. తేలకపోతే అందరం పడేవాళ్ళం. నీ సీటు మీద పెట్టాం, ఎవరం పోలేదు, నువ్వూ పోలేదు. నీ మీద మాకేం కోపం చెప్పు అంది. ఇప్పుడు నీకూ బతకడం తెలిసింది, ఇంక నిన్నెవరూ ఏమీ అనరు అని కూడా అంది.

బల్ల చివర వదిన తల వంచుకుని ముద్ద కలుపుతూనే ఉంది.

"కొన దొరకలేదక్కా" అంది మరదలు.

"ఏ కొన?" అంది జేబులక్క.

ఎవరూ నవ్వలేదు. మూతలు పెట్టుకుని లేచారు.

మధ్యాహ్నం నుంచి మిషను ముందు కూర్చుందన్న మాటే గాని ఆమె కళ్ళు చివరి బల్ల మీదే ఉన్నాయి. పొద్దుటి చొక్కాలు అక్కడికి చేరాయి. దారాలు కత్తిరించి, మడతలు పెట్టి, కట్టలు కట్టి పెట్టెల్లో సర్దుతున్నారు. గేటు దగ్గర లారీ వచ్చి నిలబడింది. ఆమెకి తన బిడ్డ మెడ గుర్తొచ్చింది. చంటిపిల్లల మెడకి మడతలుంటాయి, స్నానం చేయించాక ఆ మడతల్లో తడి తుడవడానికి వేలు పెట్టాలి. ఆ మడత చుట్టూ చుట్టుకునే కాలరే తను కుట్టేది. ఉన్న కూడూ గూడూ ఒకవైపు, ఎక్కడో పేరు తెలియని బిడ్డ మెడ ఒకవైపు. మింగలేక కక్కలేక కాసేపు అలాగే కూర్చుంది. పెట్టె మూత వెయ్యబోతుంటే మాత్రం లేచి వెళ్ళింది.

మేస్త్రీ బల్ల పక్కనే ఉన్నాడు. పొద్దున తన సూది విరిగిందనీ, కేకెయ్యలేదనీ, బజారు సూది వేసి కుట్టాననీ, కొన ఈ కట్టల్లోనే ఉండి ఉంటుందనీ ఆమె గబగబా చెప్పేసింది. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన ముందు లారీ వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు.

"నేను వినలేదు" అన్నాడు మెల్లిగా. "వెళ్ళి కూర్చో."

"అది కాదండీ, అందులో..."

"వినలేదన్నానా? ఇప్పుడు కట్టలన్నీ విప్పితే లారీ ఖాళీగా పోతుంది. నీ సీటు నీకుంది, మీ వదిన సీటు ఆవిడకుంది. విప్పావో, నేను విన్నట్టే. ఇద్దరికీ కలిపి వింటాను."

మరదలు వెనక్కి తిరిగి చూసింది. వదిన మిషను ఆగి ఉంది. ఒక చేతిలో చంటి చొక్కా చెయ్యి, ఇంకో చేతిలో కత్తెర. మరదలి కళ్ళలోకి చూసి, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ ఊపింది. ఆ మొహంలో బతిమాలడం తప్ప ఇంకేమీ లేదు.

మరదలు ఆ చూపుని తప్పించుకుని కట్ట ముడి విప్పింది.

మేస్త్రీ సరే అని ఒక్క అడుగు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు. ఆమె ఒక్కో కాలర్నీ మూల నుంచి మూలకి వేళ్ళ మధ్య నలుపుకుంటూ పోయింది. మొదటి కట్టలో లేదు. రెండోదాంట్లో చాలా లోపల, ఎడమవైపు మూలలో, పైకుట్టు కింద గట్టిగా తగిలింది. కత్తెర మొనతో కుట్టు విప్పి తీస్తే గోటి చివర నిలిచేంత ఇనుము. దాన్ని అరచేతిలో పెట్టుకున్నాక ఆమె బల్లకి ఆనుకుంది.

మేస్త్రీ ఆ కొనని తీసుకుని, ఈసారి షెడ్డంతా వినపడేలా సూదులమ్మని పిలిచాడు. ఆవిడ అట్టతో వచ్చింది. మరదలు అంచులో దాచిన రెండు ముక్కలూ తీసిచ్చింది. సూదులమ్మ కళ్ళజోడు సర్దుకుని మూడింటినీ పేర్చి, నిండుగానే ఉంది, ఈ అమ్మాయి ఎప్పుడూ నిండుగానే ఇస్తుంది అంది. ఆ మాట ఎవరికీ అక్కర్లేదు. మేస్త్రీ ఆ సీటు గుర్తు రాయమన్నాడు, వెనక్కొచ్చిన చొక్కాలోది కూడా ఆ పక్కనే అదే గుర్తుతో అంటించమన్నాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. వరసలో దొరలందరూ ఊపిరి వదిలారు.

"నేను అప్పుడే చెప్పలేదూ ఆ సీటు సంగతి?" అంటోంది జేబులక్క పక్కామెతో, ఏప్రాన్ అంచు ఒళ్ళోకి లాక్కుంటూ.

పని పోయిన వదినా మరదళ్ళిద్దరూ గిన్నెలు తీసుకుని బయటికి వచ్చారు. మిగిలిన పెట్టెలు లారీలోకి ఎక్కుతున్నాయి. షెడ్డు పక్క సందులోంచి గదుల వైపు నడిచారు. మలుపు దగ్గర మరదలు ఆగి, నీ పొట్ట కూడా కొట్టాను వదినా, నన్ను క్షమించు అంది.

వదిన గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

"నువ్వు కొట్టలేదులే. ఆ మొదటి చొక్కాలోది నాదే అయ్యుంటుంది. ఆ వారంలో చెయ్యి అతుకుతుంటే నాది విరిగింది. కొన కాలరు వైపు ఎగిరినట్టే అనిపించింది. వెతికాను, దొరకలేదు. సూది మార్చేసుకున్నాను."

మరదలు ఆమె మొహంలోకి చూసింది.

"మరి కుళాయి దగ్గర..."

"చెబుదామనే లేచాను. అప్పటికే నీకు పేరొచ్చేసింది. ఎలాగూ ఒకరికి వచ్చింది కదా, ఒకే ఇంట్లో ఇద్దరికెందుకని కూర్చుండిపోయాను."

మరదలికి కోపం రావాల్సింది. దాని కోసం లోపలంతా వెతుక్కుంది. ఈ మధ్యాహ్నం బల్ల దగ్గర ఆ ముద్ద తన గొంతులో ఎంత తియ్యగా దిగిందో గుర్తొచ్చింది, కోపం మాత్రం దొరకలేదు. వదిన కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ మళ్ళీ నడిచారు.

గదుల వరస మొదట్లో కూరలు తరుగుతూ కూర్చున్న పక్కగది పిన్నిగారు, ఇంత వేళ కాని వేళ వచ్చేశారేమమ్మా అని అడిగింది. ఆవిడ అడిగితే వరసంతా అడిగినట్టే, ఆవిడకి చెబితే వరసంతటికీ చెప్పినట్టే. గుమ్మాల్లో ఒకటి రెండు తలలు బయటికి వచ్చాయి. వదిన ఒక్క క్షణం మరదలి వైపు చూసింది. మళ్ళీ పిన్నిగారి వైపు తిరిగేసరికి ఆమె గొంతు కుదుటపడింది.

"మా మరదలి కాలర్లో సూది దొరికింది పిన్నీ" అంది.

అందరూ మరదలి మొహంలోకి చూశారు. ఆమె అవునన్నట్టు తల ఊపి, ఏప్రాన్ జేబులోంచి తాళంచెవి తీసింది.